సొంత పేరు మీద పరీక్ష

చూడామణి ఉదయపు కూర్పును, అంటే ఆ రోజు కొత్తగా కట్టిన సాఫ్ట్‌వేర్‌ను, పరీక్షలతో మరోసారి నడిపింది. కాంతమ్మ పాసు. మస్తాన్ పాసు. పైడిరాజు పాసు. ఇళ్ళల్లో మనుషులకు ఊపిరి అందించే శ్వాసపెట్టెల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పరీక్షకూ ఒక పోయిన మనిషి పేరుంటుంది. ఏ లోపం వల్ల ఎవరు ఊపిరాడక పోయారో, ఆ లోపాన్ని పట్టే పరీక్షకు వాళ్ళ పేరు పెడతారు. గౌరవమట! అలాంటి పేరు లేనిదే కొత్త పరీక్షను నిత్యకూర్పు తీసుకోదు. ఎంత చక్కని నియమమో చూడండి, ముందు మనిషి పోవాలి, తర్వాతే జాగ్రత్త.

ఆమె లేచి, కూర్పు విభాగానికి పెద్ద అయిన ధనుంజయరావు దగ్గరికి వెళ్ళింది.

"సార్, కరెంటు పోయి వస్తే పెట్టెలో గడియారం వెనక్కి వెళ్తోంది. గాలి కవాటం మూసుకుపోతోంది. నేనే చేత్తో నడిపి చూశాను. దీనికో పరీక్ష చేర్చాలి."

"ఎవరి పేరు మీద?"

"ఇంకా ఎవరూ పోలేదు సార్."

"మరింకేంటమ్మా? అన్నీ పచ్చగానే ఉన్నాయిగా. సాయంత్రానికి ఊరంతటికీ పంపించేస్తున్నాం."

"మా అక్క ఆ పెట్టె మీదే బతుకుతోంది సార్."

"అందరిళ్ళల్లోనూ ఉన్నాయమ్మా పెట్టెలు. నియమం నేను పెట్టానా?" అంటూ ఆయన టీ కప్పు అందుకున్నాడు. ఛీ, ఆ మాత్రం సిగ్గు కూడా లేదు మనిషికి.

చూడామణి తన సీటుకొచ్చి పరీక్ష రాసేసింది. కరెంటు తియ్యి, మళ్ళీ ఇయ్యి, కవాటం తెరిచి ఉందో లేదో చూడు. అంతే. పేరు గడి ఒక్కటే ఖాళీ.

ఊరిని పొగ కమ్మి జనం రాలిపోయిన పొగకాలంలో, చావులు రాసుకోవడానికి గుమాస్తాలు ఇల్లిల్లూ తిరగలేక, ఎవరి చావును వాళ్ళే ముందుగా ప్రకటించుకునే వెసులుబాటు తెచ్చారు. దాన్ని రద్దు చేసుకునే వెసులుబాటు మాత్రం ఎవరికీ తట్టలేదు. అయినా ఆమె తన చావు ప్రకటన మీద వేలిముద్ర వేసి, గడిలో తన పేరే నింపింది.

చూడామణి ఫెయిల్. కూర్పు ఎర్రబడి ఆగిపోయింది.

ధనుంజయరావు పరుగున వచ్చాడు. "ఎంత పని చేశావమ్మా! తీసెయ్ దాన్ని!"

"పోయినవాళ్ళ పరీక్ష ఎవరూ తియ్యకూడదు కదా సార్. నియమం మీరు పెట్టలేదనుకోండి."

అంతలో ఆమె ఫోన్ మోగింది. అక్క సుభద్ర.

"ఏమే, నువ్వు పోయావని నాకు సంతాపం పంపారేమిటే? వీళ్ళ మొహం మండ!"

"నిజమే అక్కా, పోయాను. నీ పెట్టె ఆగదులే, భయపడకు." చూడామణి సంచి భుజానికి తగిలించుకుంది. "రేపట్నుంచి నాకు జీతం ఉండదు, నా కార్డు మీద బియ్యం రావు. నీ దాంట్లోంచే నాకూ ఇంత పెట్టు."