అందర్నీ తీసుకెళ్తావా?

ఎర్ర లైట్లు!

సందు చివర, చీకట్లో, నేలకి జానెడు ఎత్తున రెండు ఎర్ర చుక్కలు. అడుగు పడితే వెలుగుతాయి... అడుగు లేస్తే ఆరిపోతాయి.

బూట్లు! మడమల్లో లైట్లున్న బూట్లు!

ఇన్‌స్పెక్టర్ ఒళ్ళు తెలియకుండా పరుగెత్తుతున్నాడు. ఆ బూట్లు తను కొన్నవే. మొన్న పుట్టినరోజుకి మేనల్లుడు షాపులో కింద కూర్చుని, పేచీ పెట్టి మరీ కొనిపించుకున్నాడు. ఏడేళ్ళ వెధవ! నిన్న స్కూలు గేటు ముందు ఒంటరిగా నిలబడ్డాడు. వాళ్ళమ్మ వచ్చేసరికి లేడు.

"చంటీ! ఆగరా! నేను... మావయ్యని!"

లైట్లు ఆగవు. ఇంకా జోరందుకుంటాయి!

చెత్తడబ్బా దొర్లుతుంది. ఎక్కడో కుక్క అరుస్తుంది. మలుపు... ఇంకో మలుపు...

గోడ!

సందు అక్కడితో సరి. ఒక్క దూకు... చెయ్యి కాలర్ మీద పడుతుంది. టార్చి వేస్తాడు.

చంటి కాదు.

ఆడపిల్ల. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా వేలాడుతున్న మగవాళ్ళ చొక్కా. అట్టలు కట్టిన జుట్టు. కాళ్ళకి మాత్రం కొత్త బూట్లు!

కొండంత ఆశ కుప్పకూలిపోతుంది. ఆ కోపమంతా ఎవరిమీద చూపించాలి? చెంప అందుబాటులోనే ఉంది. అడిగేవాళ్ళు లేని చెంప.

ఫట్!

"ఎక్కడ కొట్టేశావే?"

"కొట్టెయ్యలేదు!"

"మరెందుకు పరిగెత్తావ్?"

"పోలీసులు తరిమితే పరిగెత్తక పాట పాడతారా సార్?"

వెనక ఆయాసపడుతూ కానిస్టేబుల్ వస్తున్నాడు. బొజ్జ ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు.

"స్టేషన్‌కి లాక్కెళ్దాం సార్! నాలుగు తగిలిస్తే నిజం అదే కక్కుతుంది."

"నిజం చెప్పడానికే వచ్చాను సాయంత్రం!" పిల్ల చెంప రుద్దుకుంటూ అరుస్తుంది. "ఈ బూట్లు గుండుగాడిచ్చాడు. ఇవి వేసుకెళ్ళి పోలీసు జీపుకి చూపించు, మా మావయ్య గుర్తుపడతాడన్నాడు. సిగ్నల్ దగ్గర మీ అద్దం కొట్టాను. కాలెత్తి చూపించాను కూడా! మీరు చూస్తేగా?"

రెండో దెబ్బకి లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది.

సిగ్నల్... ఫోన్లో అక్క ఏడుపు... అద్దం మీద టకటకా చప్పుడు. తల తిప్పకుండానే చెయ్యి విసిరాడు, పొమ్మన్నట్టు. కాస్త దిగి ఉన్న అద్దాన్ని పైకి ఎత్తేశాడు. అందరూ చేసేదే. తనూ రోజూ చేసేదే!

"గుండుగాడెవడు?"

"కొత్తగా వచ్చాడు. మేస్త్రీ గుండు గీయించి మొహానికి మసి పూశాడు."

"మేస్త్రీ ఎవడు?"

"మమ్మల్ని సిగ్నళ్ళ దగ్గర పనిలో పెట్టేవాడు. గుండుగాడైతే మధ్యాహ్నమే తప్పించుకున్నాడు సార్. మీరు రోడ్డుకి అడ్డాలు పెట్టి కార్లు ఆపుతున్నారే, అక్కడికే పరిగెత్తాడు. మా మావయ్య ఇన్‌స్పెక్టర్ అని చెప్పాడు. ఈయనకే!"

పిల్ల వేలు కానిస్టేబుల్ వైపు తిరుగుతుంది.

"మీ మావయ్య ఇన్‌స్పెక్టరైతే మా తాత కమిషనర్‌రా అని లాఠీతో ఒక్కటిచ్చాడు. మేస్త్రీ వచ్చి, మావాడే సార్, కాస్త తిక్క అన్నాడు. అంతే... చెయ్యి పట్టుకుని మరీ అప్పజెప్పాడు!"

కానిస్టేబుల్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్... ఫోటోలో బాబు నీట్‌గా ఉన్నాడు సార్... యూనిఫాం, దువ్విన జుట్టు... నేను అలాంటివాణ్ణే వెతుకుతున్నా..."

తిట్టడానికి ఇన్‌స్పెక్టర్ నోరు తెరుస్తాడు. మళ్ళీ మూసేస్తాడు.

కమిషనర్ తాత జోకు అతనూ విన్నాడు! పక్కనే జీపులో కూర్చుని, తల తిప్పకుండానే విన్నాడు. విని నవ్వాడు కూడా. నిన్నట్నించి అతని మొహాన నవ్వు కనిపించింది ఆ ఒక్కసారే.

ఆపని కారు లేదు, తెరిపించని డిక్కీ లేదు. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది!

"ఎక్కడున్నాడు వాడిప్పుడు?"

"పాత ఐస్ ఫ్యాక్టరీలో. పోలీసులు ఎక్కువయ్యారని మేస్త్రీ ఈ రాత్రే అందర్నీ వ్యాన్లో ఎక్కించేస్తున్నాడు. ఎక్కడికో దూరం..."

"జీపెక్కు!"

"కింద కూర్చోబెడదాం సార్, సీటు మాసి..." ఇన్‌స్పెక్టర్ చూపుకి కానిస్టేబుల్ మిగతా మాట మింగేస్తాడు.

జీపు దూసుకుపోతోంది. బ్యాకప్ పంపమని వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు. వస్తుంది... కానీ ఎప్పటికి?

ఐస్ ఫ్యాక్టరీ. విరిగిన గేటు. లోపల ఇంజన్ చప్పుడు!

"నువ్విక్కడే ఉండు. ఎవర్నీ బయటికి పోనీకు!" కానిస్టేబుల్‌ని గేటు దగ్గర వదిలి, తుపాకీ తీసి, వంగి పరుగెత్తుతాడు. పిల్ల అతని వెనకే.

ఒక్కసారిగా హెడ్‌లైట్లు!

"కదిలితే కాలుస్తా!"

ఇద్దరి నోటా ఒకే మాట. ఇన్‌స్పెక్టర్ చేతిలో తుపాకీ. మేస్త్రీ చేతిలోనూ తుపాకీ! కాకపోతే మేస్త్రీ ముందు వరసగా ఐదుగురు పిల్లలున్నారు.

సన్నటి మనిషి. ఇస్త్రీ చొక్కా. మాట కూడా మెత్తగానే ఉంది.

"పొరపాటైపోయిందండీ ఇన్‌స్పెక్టర్ గారూ. ఒంటరిగా నిలబడితే ఎవరూ లేనోడనుకున్నా. మీవాణ్ణి మీరు తీసుకెళ్ళండి. మావాళ్ళని మేం తీసుకెళ్తాం. గొడవెందుకు?"

"చంటీ!"

ఎవరూ పలకరు.

ఐదు గుండు తలలు. ఐదు మసి మొహాలు. లాఠీ రుచి చూసినవాళ్ళే అందరూ. యూనిఫాం చూసి ఐదుగురూ వెనక్కి నక్కుతున్నారు.

వీళ్ళలో ఎవడు? పుట్టిన రోజునే ఒళ్ళోకి తీసుకున్నాడు, భుజాన మోశాడు... ఇప్పుడు పోల్చుకోలేకపోతున్నాడు! అతని కళ్ళకి ఐదూ ఒకే మొహం. రోజూ అద్దం అవతల ఉండే మొహం.

"ఏంటండీ... మీవాణ్ణి మీరే గుర్తుపట్టలేరా?" మేస్త్రీకి నిజంగానే నవ్వొస్తోంది.

ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి పిల్ల గుసగుస.

"నాకు తెలుసు వాడెవడో."

"చెప్పు!"

"చెప్పను."

"ఏయ్!"

"అందర్నీ తీసుకెళ్తావా?" పిల్ల భయానికి మర్యాద కూడా మర్చిపోయింది. "మా తమ్ముడున్నాడు అందులో. ఇప్పుడు పోతే మళ్ళీ దొరకడు. అందర్నీ తీసుకెళ్తానంటేనే చెప్తా."

"తీసుకెళ్తా."

"ఒట్టు?"

"మా అక్క మీద ఒట్టు. అందర్నీ తీసుకెళ్తా!"

పిల్ల అతని కళ్ళలోకి చూస్తుంది. నమ్మేస్తుంది. ఇన్ని దెబ్బలు తిన్నా ఈ పిల్లలకి నమ్మే రోగం మాత్రం పోదు.

"గుండూ! రారా! ఈయన కొట్టడు!"

చివరి నుంచి రెండోవాడు కదులుతాడు. ఒక అడుగు... ఇంకో అడుగు...

"మావయ్యా!"

అంతే! తుపాకీ బెల్టులో దోపి, రెండు చేతులా ఎత్తుకుంటాడు. వాడు కోతిపిల్లలా కరుచుకుపోతాడు. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. ఇన్‌స్పెక్టర్ ఏడుస్తున్నాడు. ఆ సంగతి అతనికే తెలియదు.

మేస్త్రీ మిగతా నలుగుర్నీ వ్యాన్లోకి తోసేస్తున్నాడు. తనూ ఎక్కుతున్నాడు. డ్రైవర్ గేరు మారుస్తున్నాడు.

ఇప్పుడే!

వెనక టైరు ఎదురుగా ఉంది. కొత్తగా చేరినవాడు కాల్చినా గురి తప్పదు.

పిల్లాణ్ణి దించాలి. అంతే. ఒక్క క్షణం దించితే చాలు!

జేబులో ఫోన్ మోగుతోంది. అక్క.

"సార్! వ్యాను!" పిల్ల అతని ప్యాంటు పట్టుకుని లాగుతోంది. "సార్... అందర్నీ అన్నావు!"

అతను ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

"బ్యాకప్ వస్తోంది... గేటు దగ్గర ఆపేస్తారు..."

గేటు దగ్గర ఉన్నది కానిస్టేబుల్ ఒక్కడే. ఆ బొజ్జ వ్యాన్ని ఆపలేదని అతనికి తెలుసు. పిల్లకీ తెలుసు.

పిల్ల ప్యాంటు వదిలేస్తుంది. తిట్టదు. ఏడవదు. గిరుక్కున తిరిగి పరుగు!

"తమ్ముడూ! దూకరా! దూకెయ్!"

వ్యాను వెనక తలుపు ఇంకా పడలేదు. పిల్ల చెయ్యి చాస్తోంది... లోపల్నించి ఒక చిన్న చెయ్యి ఇటు చాస్తోంది... వేళ్ళు అందుతున్నాయి...

ఢాం!

తలుపు సందులో మేస్త్రీ తుపాకీ పొగలు కక్కుతోంది. వ్యాను గేటు దాటిపోతుంది. దుమ్ములో పిల్ల బోర్లా పడి ఉంది. కదలడం లేదు.

చంటి భుజం మీంచి తలెత్తుతాడు.

"మావయ్యా... అక్క పడిపోయింది."

"చూడకు నాన్నా. అటు చూడకూడదు." అరచేత్తో వాడి కళ్ళు మూస్తాడు.

నడుం దగ్గర వైర్‌లెస్ గరగరమంటుంది.

"కంట్రోల్ రూమ్... కాల్పులు వినబడ్డాయని మీ కానిస్టేబుల్ చెప్పాడు. బాబు ఎలా ఉన్నాడు? ఎవరికైనా ఏమైనా అయిందా?"

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుంటాడు.

"బాబు సేఫ్. ఎవరికీ ఏమీ కాలేదు."