పదిహేడు నిమిషాల గీత

"ఏమండీ గ్రాఫులాయనా, ఈ గీతేంటి, పళ్ళూడిన నోరులా ఉంది?"

అంబులెన్సు కోసం జనం ఫోన్ చేస్తే ఎత్తే గది అది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆరుగురు ఆడపిల్లలు ఆరు కుర్చీల్లో కూర్చుంటారు. అడిగింది మూడో నంబరు కుర్చీ అమ్మాయి. ఎదుటి గోడకు పెద్ద తెర. కాల్స్ మోసుకొచ్చే పన్నెండు సర్వర్లు పది సెకన్లకోసారి తమ మీద ఎంత బరువుందో ఒక అంకెలో చెబుతాయి. ఆ అంకెలే తెర మీద ఆకుపచ్చ గీతై పాకుతుంటాయి. ఆ గీతలు చూసుకునే అతను నిచ్చెనెక్కి తెర వెనక వైరు బిగిస్తున్నాడు. ఉద్యోగంలో చేరి రెండు రోజులైంది.

తల తిప్పకుండానే జవాబిచ్చాడు.

"ఖాళీ ఉన్నచోట అంకె రాలేదని అర్థం. రానిదాన్ని ఎలా గీయమంటారు?"

"మా వదిన గోడ పగిలినచోట క్యాలెండర్ తగిలిస్తుంది. మీరూ అలాంటిదేదో చేయొచ్చుగా."

"పగులు కనబడితేనే కదండీ మేస్త్రీని పిలిచేది. ఒకటీ రెండూ తప్పితే ఫరవాలేదు. నిమిషం దాటి తెగితే మాత్రం పై అంతస్తుకు ఫోన్ కొట్టండి."

గదంతా నవ్వింది. మూడో నంబరుకు ఒళ్ళు మండింది.

ఆ మంట వారానికే చల్లారింది. ఆమె డ్యూటీలో ఉన్నప్పుడల్లా బాగానే ఉన్న వైరును బిగించడానికి అతను దిగి వచ్చేవాడు. వచ్చినవాడు మాట్లాడేవాడా అంటే అదీ లేదు.

"మాటకి ఇంతని జీతంలో కోత పెడతారా ఏమిటి మీకు?" అనేదామె.

"లేదండీ."

"చూశారా, ఒక్క మాటకే ఆయాసం వస్తోంది."

చెవులు ఎర్రబడేవి అతనికి. ఒకసారి వానలో బస్టాపు దాకా ఒకే గొడుగులో వెళ్ళారు. ఆమె తడవకూడదని అతను ఇటు వంచాడు, అతను తడవకూడదని ఆమె అటు నెట్టింది. మధ్యలో గొడుగు ఒక్కటే సుఖంగా వెళ్ళింది. ఇద్దరూ నిలువునా తడిశారు.

రెండు నెలలు గడిచాయి. పై ఆఫీసు నుంచి అధికారులు గది చూడ్డానికి వస్తున్నారని తెలిసినరోజు ఆమె అంది:

"రేపు ఒక్కరోజు నిండు గీత చూపించండి బాబూ. మీ పుణ్యముంటుంది."

పొద్దున వచ్చేసరికి తెర మీద గీత ఎక్కడా తెగలేదు.

"ఎలా చేశారు?"

"అంకె రాకపోతే పాత అంకెనే మళ్ళీ వేసుకోమన్నాను."

"అంటే మీకూ చేతనవును!" అని ఆమె పకపకా నవ్వింది. వచ్చినవాళ్ళు చూసి వెళ్ళారు. సాయంత్రమే తీసేద్దామనుకున్నాడు. ఆమె వెళ్తూ వెళ్తూ తెర వైపు చూసి మళ్ళీ నవ్వింది. రేపు తీద్దాంలే అనుకున్నాడు. అలా తొమ్మిది రేపులు గడిచాయి.

పదోరోజు మధ్యాహ్నం వాన దంచికొట్టింది. రెండు గంటలకు ఆరు ఫోన్లూ ఒక్కసారిగా మూగబోయాయి.

"వానకి జనం ఇళ్ళల్లో ముడుచుకున్నట్టున్నారు," అంది రెండో నంబరు.

మూడో నంబరు తెర వైపు చూసింది. గీత ఉంది. ఎప్పుడూ కాస్త వణుకుతూ సాగే గీత, ఆ పూట తాడు లాగి కట్టినట్టు తిన్నగా ఉంది. అది ఆమె చూసింది. చూసి, గీత ఉంది కదా అని ఊరుకుంది. కాల్స్ వచ్చే తీగ, అంకెలు వచ్చే తీగ ఒకే పెట్టెలోంచి వస్తాయి. ఆ పెట్టెలోకి వాననీళ్ళు దిగాయని ఎవరికీ తెలియదు.

పదిహేడు నిమిషాల తర్వాత, వాన తగ్గి పెట్టెలో నీళ్ళు దిగిపోయాక, ఆరు ఫోన్లూ కలిసి మోగాయి. ఆమె ఎత్తిన ఫోన్‌లో ముసలి గొంతు.

"మూడుసార్లు చేశానమ్మా. ఇప్పుడెత్తారు. మా ఇంటావిడకి ఇంక మీ బండి అక్కర్లేదులే."

అలవాటుకొద్దీ ఆమె ఇంటి నంబరు, వీధి అడిగింది. అలవాటుకొద్దీ ఆయనా చెప్పాడు.

విచారణ మొదలైంది. పాత అంకెనే మళ్ళీ వేయమని రాసింది ఎవరో కంప్యూటర్లోనే దొరికింది. ఆరుగురినీ కూర్చోబెట్టి అధికారి అతన్ని అడిగాడు.

"ఎవరు చెప్తే చేశావు?"

"ఎవరూ చెప్పలేదు సార్. తెగిన గీత బాగాలేదని నాకే అనిపించింది."

అతను మూడో కుర్చీ వైపు చూడలేదు. నిచ్చెన మీద ఉన్న మొదటిరోజు కూడా చూడలేదు గానీ, ఈ చూడకపోవడం వేరు. అడిగింది తనేనని చెప్పడానికి ఆమె నోరు తెరవలేదు.

ఇంటికొచ్చి వదినకు చెప్పింది. వదిన కూరలు తరుగుతూ విన్నది.

"నీ పేరు రాలేదుగా?"

"రాలేదు."

"నీ మీద మనసుండబట్టే దాచాడు. ఆ మంచితనం నిలబెట్టు, నోరు మూసుకో. మీ అన్నయ్యకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు."

"ఆ పెద్దాయనకి మరి ఎవరు చెప్తారు వదినా?"

వదిన కత్తి ఆగింది. కాసేపటికి మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆమె అధికారి గదిలోకి వెళ్ళింది. అతను అప్పటికే అక్కడ కాగితం మీద సంతకం పెడుతున్నాడు.

"నిండు గీత కావాలన్నది నేనండీ."

"మీరు వెళ్ళండి," అన్నాడతను గబుక్కున.

అధికారి కళ్ళజోడు తీశాడు. "సరదాకి అన్న మాటకి శిక్ష ఉండదమ్మా."

"ఫోన్లు ఆగినప్పుడు తెర చూశానండీ. గీత వణకడం మానేసింది. తేడాగా ఉందని తెలిసింది. పైకి ఒక్క ఫోన్ కొట్టలేదు. అది కూడా రాయండి."

ఆయన రాసుకున్నాడు. మధ్యాహ్నానికి అతని ఉద్యోగం పోయింది. మళ్ళీ చెప్పేదాకా కుర్చీలో కూర్చోవద్దని ఆమెకు కాగితం ఇచ్చారు.

మెట్ల మీద అతను కోపంగా ఆపాడు. అతనికి కోపం రావడం ఆమె చూడ్డం అదే మొదలు.

"ఎందుకు చెప్పారు? ఒక్కణ్ణి పోయేవాణ్ణి కదా!"

"మిమ్మల్ని కాపాడదామని చెప్పలేదు. అంత గొప్పలకు పోకండి. మీరు దాస్తే నేను బాగుంటానని ఎవరన్నారు?"

"మీరు నవ్వుతారని వేశానండీ ఆ గీత."

"తెలుసు. అందుకే రాత్రి అన్నం సయించలేదు. ఇకమీదట నేను నవ్వుతానని ఏదీ చేయకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

అతను రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఉద్యోగం పోయింది. ఇంట్లో ఏం చెప్పాలో తెలీదు. విచారణ కాగితాల్లో ఆ పెద్దాయన వీధి పేరు చూసి, వెళ్దామని రోజూ బయల్దేరుతున్నా, వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొస్తున్నా. మీరంటే ఇష్టం."

నాలుగూ ఒకే గొంతుతో చెప్పాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు.

"ఇంటి నంబరు నాకు తెలుసు. పదండి," అంది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఆ వీధి మలుపులో అతని నడక మందగించింది. ఆమె వెనక్కి వచ్చి అతని ముంజేయి పట్టుకుని నడిచింది. తలుపు తట్టింది కూడా ఆమే.

మాసిన తెల్లగడ్డంతో పెద్దాయన తలుపు తీశాడు. ఆయన వెనక గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద పరుపు చుట్టేసి ఉంది.

"ఎవరు బాబూ?"

ఆమె చెప్పింది.

"ఆ రోజు మీ ఫోన్ అంతసేపు మాకు చేరకుండా పోయింది మావల్లేనండీ. ఎందుకు పోయిందో చెప్పడానికి వచ్చాం. తిట్టినా పడతాం."

పెద్దాయన చాలాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీలో ఎవరి వల్ల?"

"నా వల్ల," అని అతను అనబోతుండగా ఆమె వేళ్ళు అతని ముంజేతి మీద బిగుసుకున్నాయి.

"ఇద్దరి వల్లానండీ," అంది. "ఇకమీదట ఏదైనా ఇద్దరిదే."

అతను ఆమె వైపు తిరిగాడు. పెద్దాయన ఆ చూపును చూశాడు. గడప మీంచి పక్కకు జరిగి, చుట్టేసిన పరుపును గోడవారకు నెట్టి, ఆ మంచం మీదే ఇద్దరికీ చోటు చూపించాడు.

"కూర్చోండి. మొదట్నించీ చెప్పండి," అన్నాడు.