మోచేతి ఎత్తు

“గది అటు వైపు ఉందండీ,” అంది ఆమె, నా టేపు కొస పట్టుకుని. “నన్ను కొలుస్తారేమిటి?”

ఇంట్లోంచి పనిచేసుకునే వాళ్లకి ఆఫీసు గదులు డిజైన్ చేయడం నా పని. గదికన్నా ముందు మనిషిని కొలవాలన్నది నా పట్టుదల. కూర్చున్నప్పుడు మోచేయి ఎంత ఎత్తులో ఉంటుందో బల్ల అంతే ఎత్తులో ఉండాలి, లేకపోతే నెల తిరిగేసరికి భుజాలు పట్టేస్తాయి. ఈ సంగతి అందరికీ ఓపిగ్గా వివరించాకే టేపు తీస్తాను. ఆ రోజు మాత్రం ఆమెని చూసిన కంగారులో వివరణ ఎగిరిపోయింది. తిన్నగా వెళ్లి కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని మోచేతి దగ్గర టేపు పెట్టేశాను. తప్పు నాదే.

అసలు విషయం చెప్పాక టేపు వదిలింది కానీ నవ్వు దాచుకోలేదు. కొలత ఇరవై ఆరున్నర అంగుళాలు వచ్చింది. పరువు నిలబెట్టుకుందామని, వెలుతురు ఎడమ పక్క నుంచి పడేలా చూస్తానని గొప్పగా చెప్పాను. ఆమె ఎడమ చేత్తో పెన్సిల్ తీసి చెవి వెనక దోపుకుంది.

“అప్పుడు నా చేతి నీడ నా బొమ్మ మీదే పడుతుంది, టేపు గారూ.”

ఆ ఇంట్లో నాకు ఆ పేరే ఖాయమైంది.

ఆమె పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. అంతకుముందు ఒక ప్రకటనల కంపెనీలో ఉద్యోగం చేసేది. అది మానేస్తూ, ఏడాదిలో సొంతంగా ఒక పుస్తకం పూర్తి చేస్తానని, చేయలేకపోతే మళ్లీ ఆ ఉద్యోగానికే వెళ్లిపోతానని తనకి తనే గడువు పెట్టుకుంది. పుస్తకంలో ఒక నత్త, వీపు మీద ఇల్లు మోసుకుంటూనే ఊరంతా ఇల్లు వెతుక్కుంటుంది. మొత్తం ఇరవై నాలుగు బొమ్మల్లో తొమ్మిదే అయ్యాయి. గడువు రెండు నెలలు కూడా లేదు.

గది కావాలని నన్ను పిలిపించింది వాళ్ల నాన్నగారు. ఆయన గడియారాలు బాగుచేస్తారు. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. ముందు గదిలో ఆయన పని బల్ల. వెనక చిన్న గదిలో ఏళ్ల తరబడి పోగేసుకున్న పాత గోడ గడియారాలన్నిటినీ కూతురి కోసం తన మంచం కిందికి తోసేశారాయన.

నాదొక పద్ధతి ఉంది. ఆమెకి రెండు రంగుల స్టిక్కర్లిచ్చాను. వారం రోజుల పాటు ఇంట్లో ఎక్కడ కూర్చుని పనిచేసినా, పని సాగితే పచ్చది, సాగకపోతే ఎర్రది అక్కడే అంటించాలి. దాని మీద టైము రాయాలి. ఏ చోటు కలిసొస్తుందో నోటితో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, స్టిక్కర్లు చెప్తాయి.

ఆ వారం నేను రోజూ సాయంత్రం నాలుగింటికి వెళ్లాను, ఒక్క ఆదివారం తప్ప. ఒకరోజు గోడ పొడవు, ఒకరోజు కిటికీ వెడల్పు, ఒకరోజు ఎండ ఎంత లోపలికి వస్తుందో చూడ్డానికి. ఖాళీ గదిలో నేను టేపుతో తిరుగుతుంటే, ఆమె గుమ్మానికి ఎదురుగా భోజనాల బల్ల చివర కూర్చుని బొమ్మలు వేసుకునేది. తల ఎత్తకుండానే, కిటికీ నిన్నటికన్నా ఏమైనా పెరిగిందా అని అడిగేది. నత్తకి కోపమొస్తే మొహం ఎలా ఉంటుందని నేనడిగితే, ఏదీ కోపంగా చూడండి అంది. ఎంత ప్రయత్నించినా నా వల్ల కాలేదు. నవ్వు ఆపుకుంటున్న నా మొహాన్నే తీసుకెళ్లి నత్తకి పెట్టేసింది.

ఒకరోజు వాన పట్టుకుంది. కొలతలయిపోయాయి, టేపు చుట్టేశాను, వాన మాత్రం వదల్లేదు. బండి మీద వెళ్లే దారి లేక, బల్లకి ఇటు చివర కూర్చుని గంటన్నర సేపు ఆమె పెన్సిల్ చప్పుడు విన్నాను. ఏ పనీ లేకుండా అంత హాయిగా నేనెప్పుడూ కూర్చోలేదు. ఆమె అంటే ఇష్టమని ఆ సాయంత్రమే తెలిసింది. గది చేసిపెట్టడానికి వచ్చినవాడు అలాంటి మాట ఎత్తడం మర్యాద కాదని సర్దిచెప్పుకున్నాను. నిజానికి ధైర్యం చాలలేదు.

వారం చివర స్టిక్కర్లన్నీ తీసి ఇంటి ప్లాను కాగితం మీద వాటి వాటి చోట్ల అంటించాను. మంచం, మేడమెట్లు, వాళ్ల నాన్నగారి బల్ల, అన్నీ ఎర్రవే. పచ్చవి పన్నెండూ భోజనాల బల్ల చివరే. నాకు గంతులేయాలనిపించింది. ఆ చోట ఏమేమి ఉన్నాయో అన్నీ గదిలోకి తెచ్చాను. కుడి పక్క నుంచి పడమటి వెలుతురు, చేతులు చాపుకునేంత వెడల్పు బల్ల, వంటింటి చప్పుడు లీలగా వినపడేలా సగం తలుపు. వీటికి తోడు నడుముకి ఆనే కుర్చీ, బొమ్మలు గుచ్చుకోవడానికి గోడ నిండా కార్క్ బోర్డు. బల్ల మా షాపులోనే తయారైంది. గదిలో అన్నీ బిగించి రంగులేసిన మూడు రోజులూ ఆమె ఆ వాసన పడక పిన్ని గారింట్లో ఉంది.

తిరిగొచ్చాక గదంతా చూసి, చాలా బాగుందంది. ఆ మాట కిటికీకేసి చూస్తూ అంది. కొలవాల్సింది ఇంకేమీ మిగల్లేదు కాబట్టి, టేపు జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మూడు వారాల తర్వాత వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి, ఒకసారి రా బాబూ అన్నారు. బల్ల ఊగుతోందేమో అనుకుంటూ వెళ్లాను.

గది గుమ్మంలో ఆగిపోయాను. కుర్చీ చేతి మీద ఎర్ర స్టిక్కరు. లైటు మీద, కిటికీ చెక్క మీద, బల్ల నాలుగు మూలలా ఎర్రవే. కార్క్ బోర్డు మీద పదిహేను బొమ్మలున్నాయి, అన్నీ నాకు తెలిసినవే. కొత్తది ఒక్కటీ లేదు. వాటి పక్కన మళ్లీ ఉద్యోగంలో చేరతానని కంపెనీకి రాసిన ఉత్తరం, ఇంకా పంపనిది. గడువుకి పదకొండు రోజులుంది.

నా గది ఆమె పుస్తకాన్ని ముంచేసింది. టేపు తీసి బల్ల ఎత్తు, కుర్చీ ఎత్తు, లైటు కోణం మళ్లీ చూశాను. అంగుళం తేడా లేదు. తప్పెక్కడుందో తెలియడం లేదని ఒప్పుకున్నాను. ఆమె పెన్సిల్ చెక్కుతూ ఉండిపోయింది, దానికి అప్పటికే మొన బాగానే ఉంది.

నాన్నగారు బోర్డుకి గుచ్చి ఉన్న, నేను స్టిక్కర్లంటించిన పాత ప్లాను కాగితం తీసి, గడియారాలు చూసే చిన్న భూతద్దం కంటికి పెట్టుకున్నారు.

“ఇవి ఎక్కడ అంటించిందో చూశావు బాబూ. ఎప్పుడు అంటించిందో చూశావా?”

ఒక్కొక్కటే చదివారు. నాలుగూ పది. నాలుగూ నలభై. నాలుగుంపావు. వాన రోజుది ఐదున్నర. ఆదివారం ఒక్కటీ లేదు.

“భోజనాల బల్ల చివర కూర్చుంటే కనపడేది ఈ గుమ్మం,” అన్నారు. “నాలుగింటికి ఈ గుమ్మంలో ఎవరుండేవారో నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా టైము చూడ్డమే నా పని.”

టీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆయనకి టీ పెట్టడం రాదని మా ఇద్దరికీ తెలుసు.

పెన్సిల్ పక్కన పెట్టి ఆమే అంది.

“టైములు రాసింది నేనే కదండీ. నాకు అప్పుడే తెలుసు.”

“మరి చెప్పలేదే?”

“ఏమని చెప్పను? గదితో పాటు మనిషిని కూడా అడిగిందనుకోరూ?”

ఈసారి కిటికీకేసి కాదు, నాకేసి చూస్తూ అంది. అదే నాకు ధైర్యమిచ్చింది.

“ఈ గది కొలవడానికి అరగంట చాలు,” అన్నాను. “ఆరు రోజులు వచ్చాను. మీ కిటికీని నాలుగుసార్లు కొలిచాను. అది పెరగదని నాకు తెలుసు. మీరంటే నాకు చాలా ఇష్టం.”

ఆమె నవ్వింది, కళ్లు తుడుచుకుంది, ఆ ఉత్తరం తీసి మడిచి నా చేతిలో పెట్టింది. చింపే పని నాకిచ్చింది.

మర్నాటి నుంచి రోజూ నాలుగింటికి నా డ్రాయింగులు పట్టుకుని వెళ్లి ఆమెకి ఎదురుగా కూర్చున్నాను. బల్ల నాకు పొట్టి, భుజాలు పట్టేశాయి, అయినా నోరెత్తలేదు. గడువుకి ఒకరోజు ముందు ఇరవై నాలుగో బొమ్మ పూర్తయింది. అందులో నత్త తన ఇంటి ముందే ఆగింది, మెడలో టేపు వేసుకున్న చీమ ఒకటి దాని కొమ్ముల ఎత్తు కొలుస్తోంది.

నాన్నగారు ఆ బొమ్మని భూతద్దంతో చూసి, మీ అమ్మానాన్నల్ని ఎప్పుడు తీసుకొస్తావని అడిగారు. ఆదివారం అన్నాను. ఇకమీదట ఆదివారాలు కూడా మానకు బాబూ అన్నారు.

నేను తలూపేలోపే ఆమె నా జేబులోంచి టేపు లాగి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పక్కన గొంతుక్కూర్చుంది.

“కదలకండి. ఇంకో బల్ల చేయించాలి. మోచేతి ఎత్తు చూస్తున్నా.”

ఇరవై ఎనిమిది. ఎడమ చేత్తో కాగితం మీద రాసుకుంది.

ఆ బల్ల పూర్తవడానికి ఎన్నాళ్లు పడుతుందని నాన్నగారు అడిగారు.

“కొలతలకే వారం పడుతుందండీ,” అన్నాను.