స్కిర్వింగ్ క్లోజ్ మెట్లు

ఎడిన్‌బరోలో దెయ్యాలకు కరువు లేదు. నేలమాళిగకు ఒకటి, శ్మశానానికి పది. అన్నీ జీతం మీద పనిచేసే దెయ్యాలే. మనిషికి పదిహేను పౌండ్లు కడితే నల్ల అంగీ తొడుక్కున్న నటుడొకడు లాంతరు పట్టుకుని ముందు నడుస్తాడు. మలుపులో దాక్కున్న వాడి స్నేహితుడు మీదికి దూకుతాడు. ఊరు చూడవచ్చిన జనం కెవ్వుమంటారు. ఆ తర్వాత అందరూ కలిసి బీరు తాగుతారు. ఈ తతంగం చూసి సిగ్గుపడవలసింది నిజంగా చచ్చినవాళ్ళు.

కానీ ఆ లాంతర్లవాళ్ళలో ఒక్కడూ ఆగని చోటు ఒకటుంది — స్కిర్వింగ్ క్లోజ్.

క్లోజ్ అంటే సందు. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. రెండు వైపులా ఆరేసి అంతస్తుల రాతి ఇళ్ళు, సందు చివర చీకట్లో మెలితిరిగి పైకి పోయే రాతి మెట్లు. గైడ్లు ఆ సందు మొదటికి రాగానే లాంతరు చెయ్యి మార్చుకుని, గొంతు పెంచి, ఎదుటి చర్చి గోపురం గురించి చెప్పడం మొదలుపెడతారు.

ఆ మెట్ల మీద మిసెస్ పర్డీ ఉంటుందట.

ఉంటుందంటే... పోయి డెబ్భై ఏళ్ళయింది. ఆ ఊళ్ళో ఒక మెట్లదారిలో ఎన్ని కాపురాలుంటే అన్ని వంతులు. వారానికో ఇల్లు మెట్లు కడగాలి. "మీ వంతు" అని రాసిన అట్టముక్క తలుపు పిడికి వేలాడుతుంది. కడిగాక పక్కింటి పిడికి తగిలించాలి. పదకొండేళ్ళుగా మాటల్లేని ఇరుగుపొరుగు కూడా ఆ అట్టను మాత్రం ఠంచనుగా మార్చుకున్న సంగతులున్నాయి. ఇంకొక మర్యాద కూడా ఉంది. తడి మెట్లు తొక్కవలసి వస్తే, కడుగుతున్న మనిషితో "క్షమించమ్మా, నీ మెట్లు తొక్కుతున్నా" అనాలి. దొర అయినా సరే, బొగ్గులు మోసేవాడయినా సరే.

మిసెస్ పర్డీ పై అంతస్తులో ఒకడుండేవాడు. వాడు ఏనాడూ ఆ మాట అనలేదు. ఆవిడ కడుగుతుండగానే బురద బూట్లతో ఎక్కిపోయేవాడు. ఆవిడ మళ్ళీ కడిగేది. ఒక డిసెంబరు సాయంత్రం అలా మూడోసారి కడుగుతుంటే, ఒలికిన నీళ్ళు గడ్డకట్టి... జారిపడింది. దొరికినప్పుడు మెట్లు రుద్దే కుంచె చేతిలోనే ఉంది.

ఆ మధ్య ఇళ్ళ దళారి ఒకడు ఆ మెట్లు ఎక్కి మూడో రోజుకు దిగాడు. మోకాళ్ళ మీద చర్మం లేదు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా అంటే, "ఇంకా అయిదు మెట్లున్నాయి" అన్నాడట.

సరే, టామ్ హాడో సంగతికొద్దాం.

టామ్‌ది గ్లాస్గో. ముప్ఫయి నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసినవాడు కనక మెట్లంటే సహజంగానే చులకన. అసలు టామ్‌కు చులకన కానిది ఏముందని భార్య మిరెన్ ఒకసారి లెక్క వేసింది. రెండు తేలాయి. వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు, చనిపోయిన వాళ్ళమ్మ. జట్టు ఓడిన వారం అమ్మ ఒక్కతే మిగిలేది.

ఎడిన్‌బరో వాళ్ళకు రైల్లో గంట దూరం. పెళ్ళయి ముప్ఫయి ఒక్క ఏళ్ళు. చూపించమని మిరెన్ అడగడం మొదలుపెట్టీ అన్నేళ్ళే. చివరికి ఈ డిసెంబరులో టికెట్లు ఆవిడే కొంది. బయల్దేరే ముందు కోటు గుండీలు పెట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"ఒక్క రోజు, టామ్. ఈ ఒక్క రోజు దేన్నీ, ఎవర్నీ వెక్కిరించకు. నీ వల్ల కాలేదా, సాయంత్రం ఆరు గంటల బండికి నేను కర్కాడీలో మా నెట్టా దగ్గరికి పోతా. నువ్వు ఇంటికి ఒక్కడివే రా."

"పోయి ఎన్నాళ్ళుంటావు?"

"చెల్లెలి ఇల్లేగా. ఉండిపోతా."

టామ్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

కోట దగ్గర ఆయన గడియారం చూసుకున్నాడు. "బండ మీద బండలు పేర్చి దీనికి టికెట్టా?" రోజూ పేలినట్టే ఒంటిగంటకు ఫిరంగి పేలింది. "పన్నెండింటికి పేలిస్తే పన్నెండు గుండ్లు ఖర్చవుతాయని ఒంటిగంట దాకా ఆగారు. ఇదీ ఈ ఊరివాళ్ళ సంగతి." ఊరి మధ్య కొండెక్కితే, "ఇంత బురద మా ఇంటి వెనకా ఉంది." టీ దుకాణంలో, అమ్మాయి వినేలాగే, "ఈ ఊళ్ళో గుమ్మంలోకి చుట్టం రాగానే 'టీ తాగే వచ్చుంటారుగా' అంటారట. ఇక్కడ డబ్బిచ్చాం కనక పోశారు."

"ఊరికే ఉండలేవా నువ్వు?" అంది మిరెన్.

"ఊరికేగా ఉన్నా! వెక్కిరిస్తే ఇలా ఉంటుందా?"

"ఇంకొక్క మాట... ఒక్కటంటే ఒక్కటి. అంతే."

ఆ ఊళ్ళో డిసెంబరులో మూడున్నరకే పొద్దు గుంకుతుంది. అయిదుంబావుకు వాళ్ళు లాంతరువాడి వెనక, మరో పదిమందితో, స్కిర్వింగ్ క్లోజ్ మొదట నిలబడి ఉన్నారు. గైడు గొంతు పెంచి చర్చి గోపురం గురించి చెబుతున్నాడు.

"ఏమయ్యా, దెయ్యాల దొరా!" అన్నాడు టామ్. "ఈ సందులోకి తీసుకుపోవేం? ఇక్కడి దెయ్యానికి ఇవాళ సెలవా?"

గైడు లాంతరు దించాడు. అప్పటిదాకా పెట్టిన నాటకాల గొంతు పోయి మామూలు గొంతు వచ్చింది. అది గుసగుసలా ఉంది.

"అటొద్దు సార్. అక్కడెవరూ కాపురం లేరు. అయినా మెట్లు... తడిగా ఉంటాయి." మిసెస్ పర్డీ కథ నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాడు.

"తడికి భయపడేవాడివి ఈ అంగీ ఎందుకురా? గొడుగు పట్టుకోకపోయావా?"

అప్పుడు వినిపించింది.

గరగర... గరగర... ఆగి... గరగర.

రాతి మీద గట్టి కుంచె. మిరెన్ చేతివేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. వాళ్ళదీ గ్లాస్గోలో మూడో అంతస్తు. నాలుగు వారాలకోసారి వంతు. ఆ చప్పుడు ఆవిడకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇది అలవాటయిన చెయ్యి. కంగారు లేదు. మూల వచ్చినప్పుడు కుంచె నిలువుగా తిప్పుతోంది.

"చూశావా?" అన్నాడు టామ్. "ఎవత్తో వంతు వచ్చి కడుక్కుంటోంది. పదిహేను పౌండ్ల దెయ్యం!" సందులోకి అడుగేశాడు. కొండ మీది బురద బూట్ల నిండా ఉంది.

"టామ్. క్షమించమని అడిగి ఎక్కు."

"అడగడం ఏమిటి? కడగడం వాళ్ళ పని, తొక్కడం మన పని." వెనక్కి తిరిగి నవ్వాడు. "ముప్ఫయి ఒక్క ఏళ్ళు నీ మెట్లు తొక్కాను. ఎప్పుడైనా అడిగానా?"

మిరెన్ ఆయన బురద బూట్ల వంక చూసింది.

"లేదు," అంది. "ఎప్పుడూ అడగలేదు."

బూట్ల చప్పుడు మెలికలు తిరుగుతూ పైకి పోయింది. టకటక... టకటక... పెద్దగా ఒక నవ్వు.

కుంచె ఆగింది.

బూట్లూ ఆగాయి.

వెనక్కి చూస్తే గైడు లేడు, జనమూ లేరు. లాంతరు వెలుగు వీధి మలుపులో ఊగుతూ మాయమయింది. చచ్చినవాళ్ళ పేరు చెప్పుకుని బతికే పెద్దమనిషి!

మిరెన్ నిలబడింది. అయిదు నిమిషాలు... పది. బండికి వేళవుతోంది. ఇక్కణ్ణుంచి ఇటే స్టేషనుకు పోతే అడిగేవాడు లేడు. కానీ ఇన్నేళ్ళ అలవాటు. భోజనం వేళకు రాని మనిషిని వెతుక్కుంటూ పోయే కాళ్ళు అవి.

కుంచె మళ్ళీ మొదలయింది.

గర్... గర్రుమని ఒకటి... మళ్ళీ గర్.

ఆ చెయ్యి కాదు ఇది. చేతకాని చెయ్యి.

ఫోను వెలుగులో మిరెన్ మొదటి మెట్టు చూసింది. తడి. గోడ పట్టుకుని, ఎప్పుడూ అనే మాటే, చీకట్లోకి అంది. "క్షమించమ్మా, నీ మెట్లు తొక్కుతున్నా."

ఎవరో దారిచ్చి పక్కకు ఒదిగినట్టు, చల్లటి గాలి ఒకటి ముఖం ముందు నుంచి గోడ వైపు జరిగింది.

రెండో మెలిక దగ్గర టామ్ కనిపించాడు.

మోకాళ్ళ మీద ఉన్నాడు. ముందర బకెట్టు. బూట్లు విప్పి ఒక పక్కన పెట్టి ఉన్నాయి. చేతులు ఎర్రగా వాచిపోయి, కుంచెతో రుద్దుతూ, రుద్దుతూ, పైమెట్టు వంక చూసి మాట్లాడుతున్నాడు.

"క్షమించండమ్మా... అవునమ్మా... తప్పయిపోయిందమ్మా..."

ముప్ఫయి ఒక్క ఏళ్ళలో ఆ నోట ఆ మాట మిరెన్ వినడం అదే మొదటిసారి. ఎవరితో అంటున్నాడో చూడాలని వెలుగు పైకి ఎత్తింది.

ఎవరూ లేరు.

పైమెట్టు పొడిగా ఉంది. ఆ పొడి రాతి మీద రెండు చిన్న తడి పాదాలు — మనిషి లేని పాదాల గుర్తులు. వేళ్ళతో సహా. ఆవిడ చూస్తుండగానే అంతకు పైమెట్టు మీద ఒకటి పడింది... రెండోది పడింది.

"మిరెన్!" టామ్ గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "వచ్చావా? నువ్వు చెప్పవే ఈవిడకి. బాగానే కడిగానని చెప్పు. నేను చెబితే నమ్మటంలేదు. నువ్వు చెబితే వదిలేస్తానంటోంది. ఒక్క మాట, మిరెన్... ఒక్కటి!"

మిరెన్ వెలుగును మెట్ల మీదికి తిప్పింది. ఒక్కొక్క మెట్టే చూసింది. గోడవార వేలు పెట్టి రుద్ది చూసింది. నల్లగా అంటుకుంది. తాను ఎక్కివచ్చిన మెట్లన్నిటి మీదా తడి మోకాళ్ళ మరకలున్నాయి. కడిగినదాని మీదే పాకుతూ పైకి వచ్చాడు మహానుభావుడు. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ కడిగింది, ఆ తర్వాత పెళ్ళాం కడిగింది, ఒక్కసారి తల తిప్పి చూసి ఉంటేగా!

పైన చీకటి ఊపిరి బిగబట్టి ఉంది.

అబద్ధం చెప్పడం ఎంతసేపు? కానీ మెట్ల విషయంలో మిరెన్ జీవితంలో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

తడి పాదాలున్న వైపు చూసి, సాటి ఇల్లాలితో మాట్లాడినట్టు అంది.

"మూలలు వదిలేశాడండీ. పైగా కింది నుంచి మొదలుపెట్టాడు. మెట్లు పైనుంచి కదా కడుగుతారు!"

"మిరెన్..."

ఆవిడ గోడవారగా, జాగ్రత్తగా దిగింది. సందు దాటి వీధిలోకి వచ్చేసరికి చర్చి గడియారం అయిదూ ముప్పావు చూపిస్తోంది. కోటు గుండీ పెట్టుకుని ఒకసారి తలెత్తి చూసింది.

ఎక్కడో ఆరో అంతస్తు మీద, దీపం లేని చోట, నిండు బకెట్టు దించిన చప్పుడయింది.

గర్... గర్...