ఆఖరి పెట్టె పలికింది

ఆ రోజు పొద్దున్నించీ ముసురు. మ్యూజియం కింది అంతస్తు నేలలోకి ఉంటుంది, కిటికీలు లేవు. వాన మాకు కనబడదు గానీ గోడల్లో గొట్టాల వెంబడి నీళ్ళు జారే చప్పుడు మాత్రం వినబడుతూనే ఉంటుంది. అక్కా నేనూ ఇద్దరం అక్కడే పనిచేసేవాళ్ళం. పగిలినవి అతికించడం, పాతవాటికి ప్లాస్టరు పిండితో నకళ్ళు పోతపోయడం అక్క పని. పెట్టెలు చేసి, దూది పరిచి, వస్తువులు కదలకుండా సర్దడం నా పని.

"నువ్వు సర్దితే ఎవరికైనా నిద్ర ముంచుకొస్తుందే చిన్నీ" అని అక్క నన్ను ఏడిపించేది.

ఆ వారం నేను సర్దినవన్నీ పుర్రెలే. మా తాతలు కూడా పుట్టని కాలంలో ఒక డాక్టరు, సముద్రం అవతల ఒక ఊరి శ్మశానం తవ్వించి, దొరికిన తలలన్నీ గోనెల్లో వేసుకుని తెచ్చాడట. కొలిచారు, నుదుటి మీద అంకెలు వేశారు, బీరువాల్లో పెట్టి మర్చిపోయారు. ఆ ఊరివాళ్ళు అడగ్గా అడగ్గా, ఇన్నాళ్ళకి తిరిగి ఇచ్చేయడానికి మావాళ్ళు సరేనన్నారు. తలకో చిన్న చెక్కపెట్టె. ఆఖరిది చిన్నపిల్లది. దాన్ని మాత్రం డైరెక్టరుగారు నన్ను ముట్టుకోనివ్వలేదు.

"ఇది నేను సర్దుతాలేమ్మా. మరీ నాజూగ్గా ఉంది" అన్నారు. ముచ్చట పడుతున్నారు కాబోలు అనుకున్నాను.

మధ్యాహ్నం వాళ్ళు వచ్చారు. ఒక ముసలావిడ, పెట్టెలు మొయ్యడానికి నలుగురు మనుషులు, ఆవిడ మాట మాకు చెప్పడానికి ఒక దుబాసీ. ముసలావిడ ఎవరినీ పలకరించలేదు. తడిసిన కోటు విప్పి పక్కన పడేసి, పెట్టెల వరస ముందు చల్లటి నేల మీద చతికిలబడింది.

దుబాసీ గొంతు తగ్గించాడు. "ఈవిడ ఒక్కొక్కరినీ పిలుస్తుంది. పలికినవాళ్ళనే తీసుకెళ్తుంది. పిలుస్తున్నంతసేపూ మీరెవరూ నోరు మెదపకండి."

"దగ్గొస్తేనో?" అన్నారు డైరెక్టరుగారు నవ్వుతూ.

దుబాసీ నవ్వలేదు.

ముసలావిడ మొదటి పెట్టె మీద అరచెయ్యి ఆనించి, చిన్నగా ఏదో అంది. ఆ భాష నాకు రాదు. కానీ నిద్రపోతున్న పిల్లల్ని బడికి లేపే గొంతు ఏ భాషలోనైనా ఒకటే. కాసేపు గొట్టాల్లో నీళ్ళ చప్పుడే. తర్వాత పెట్టెలోంచి… టక్. పంటిమీద పన్ను పడ్డట్టు.

అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండో పెట్టె. టక్. దాని పక్కది. టక్. గదిలో ఎక్కడా మట్టి లేదు, అయినా అప్పుడే తవ్విన గోతి వాసన మోకాళ్ళ దాకా నిండుతున్నట్టుంది. ఒక్కొక్క పెట్టే పలకగానే మనుషులు దాన్ని భుజానికెత్తుకుని మెట్లెక్కి పోతున్నారు.

ఆఖరి పెట్టె దగ్గర ముసలావిడ పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. ఈసారి బతిమాలుతున్నట్టు. డైరెక్టరుగారు కాలు మార్చి నిలబడ్డారు. ఆవిడ మూత తీసింది.

లోపల చిన్న తల, పసుపుపచ్చగా, నుదుటి మీద అంకెతో సహా. నాకేమీ తేడా తెలియలేదు. అక్కకి తెలిసింది. ముందుకు వంగి, చెవి రంధ్రం వెనకాల తన బొటనవేలి గుర్తు చూసి, డైరెక్టరు వైపు తిరిగింది. ఆయన కళ్ళతోనే వద్దన్నారు. ముసలావిడ మూడోసారి పిలుస్తోంది. ఆ గొంతులో ఏడుపు విని అక్క ఆగలేకపోయింది.

"ఇది నాదండీ… నేను చేసింది."

టక్.

పెట్టెలోంచి. ఆ పెట్టెలోంచే.

దుబాసీ కళ్ళు మూసుకున్నాడు. ముసలావిడ అక్కని చాలాసేపు చూసింది. తిట్టలేదు. మూత పెట్టి, పెట్టె తనే ఒళ్ళో పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన పత్రికలవాళ్ళు ఎదురుచూస్తున్నారని డైరెక్టరుగారు టై సర్దుకుంటూ పరుగెత్తారు.

"చేతులు పిండిపిండిగా ఉన్నాయే" అంది అక్క, వేళ్ళు రాపాడిస్తూ. కుళాయి తిప్పి కడుక్కోసాగింది. తొట్టిలో నీళ్ళు తెల్లగా మారాయి. పాలలా. అక్క ఇంకా కడుగుతోంది… వేళ్ళ చివర్లు లేవు.

"అక్కా, చాలు! ఆపు!"

"నొప్పి లేదు చిన్నీ" అంది నెమ్మదిగా. "అందుకే భయంగా ఉంది."

పెట్టెలో ఉన్నది నకలైతే అసలుది ఎక్కడుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. అక్కని స్టూలు మీద కూచోబెట్టి డైరెక్టరు గదికి పరుగెత్తాను. అద్దాల బీరువా పగలగొట్టాను. కింది అరలో పట్టుబట్టలో చుట్టి ఉంది. ఒళ్ళో పొదువుకుని వెనక గేటు దగ్గరికి, వానలో పరుగెత్తాను. పెట్టెలెక్కించిన వాళ్ళ లారీ ఇంకా కదల్లేదు.

"ఇదిగోండి! ఇదీ మీ పిల్ల! మా అక్కని వదిలెయ్యండి!"

ముసలావిడ ఆఖరి పెట్టె తెరిచింది. అందులో ఉన్నది ఇప్పుడు పోత కాదు. ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. అక్క వాడే సబ్బు వాసన.

ముసలావిడ నా చేతిలోదాన్ని పిలిచింది. ఎంతసేపు పిలిచిందో. వాన చప్పుడే. చివరికి దాని నుదురు తుడిచి, దుబాసీతో ఏదో చెప్పి, మొహం తిప్పుకుంది.

"దీని చోటు నిండిపోయిందట" అని గొణిగాడతను. "పిలిస్తే మీ అక్క పలికింది. ఇకనుంచి ఇది మీ ఇంటి పిల్లట."

"మా ఇంటికెందుకు? నాకొద్దు! తీసుకెళ్ళండి!"

"చీకటంటే భయపడుతుందట. కాస్త చూసుకోమంది."

లారీ వెళ్ళిపోయింది. నేను కిందికి వచ్చేసరికి అక్క స్టూలు మీదే ఉంది, తలుపు వైపు చూస్తూ. జుట్టుతో సహా తెలుపు. పెదవులు మాత్రం కదిలాయి.

"బుజ్జిని…"

కింది దవడ విరిగి ఒళ్ళో పడింది. పొడి లేచింది. అంతే.

బుజ్జి అక్క కూతురు. ఆరేళ్ళది. అమ్మ ఊరెళ్ళిందని చెప్పాను. పోలీసులకి నిజమే చెప్పాను. వాళ్ళు స్టూలు మీద బొమ్మని చూశారు, నన్ను చూశారు, ఇంటికెళ్ళి పడుకోమన్నారు. మర్నాడు పత్రికల్లో ముసలావిడ చెయ్యి పట్టుకుని డైరెక్టరుగారి ఫోటో, దాని కింద ఆయన పెద్దమనసు గురించి పొగడ్త. ఆయనకేమీ కాలేదు. ఇప్పటికీ కాలేదు. దవడ అతికించి అక్కని పై హాల్లో నిలువెత్తు అద్దాల పెట్టెలో పెట్టించారు. బడిపిల్లలు వరసలో వచ్చి చూసిపోతారు. "అబ్బ, అచ్చం మనిషిలాగే ఉందే" అంటారు.

ఆ తలని నేను ఇంటికి తేలేదు. ఆ సాయంత్రమే డైరెక్టరు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చి దుప్పటి సర్దబోతే, బుజ్జి పక్కన తలగడ మీద ఉంది. రెండుసార్లు నదిలో పారేసి వచ్చాను. రెండుసార్లూ తడితోనే దుప్పట్లో ఉంది. చివరికి ఇనప్పెట్టెలో పెట్టి, తాళంచెవి మెడలో వేసుకున్నాను. అప్పట్నించి అలికిడి లేదు. బుజ్జి తింటోంది, ఆడుకుంటోంది, అమ్మ ఎప్పుడొస్తుందని అడగడం కూడా మానేసింది. గండం గడిచిందనుకున్నాను.

ఈ పొద్దున ఎందుకో తాళం తీసి చూశాను. ఆ తల పైపళ్ళ వరసలో, ఇదివరకు ఖాళీగా ఉన్నచోట, ఒక పన్ను ఉంది. చిన్నది, తెల్లటిది. చిగురు దగ్గర ఇంకా తడిగా, ఎర్రగా ఉంది.

బుజ్జి పక్క మీద కూర్చుని నావైపే చూస్తోంది. నోరు తెరవమంటే తెరవడం లేదు.