రేడియో ఎక్కిన బస్సు

కొత్త దేశానికి వచ్చాక వాళ్లిద్దరికీ మొదటి పోట్లాట కిటికీ దగ్గర వచ్చింది.

ఆమె క్లినిక్ నుంచి ఇంటికి వచ్చేసరికి అతను కిటికీ బార్లా తెరిచి, చలిగాలికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముక్కు కొస ఎర్రబడిపోయింది. కింద వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

"హీటర్ వేసి కిటికీ తెరుస్తారా ఎవరైనా?" అంటూ ఆమె వెళ్లి రెక్కలు మూసేసింది.

"మాటలు వింటున్నా."

"ఎవరివి?"

"ఎవరివైనా."

"ఇంట్లో మనిషిని నేను లేనా? నాతో మాట్లాడొచ్చుగా."

అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వులో శబ్దం లేదు. ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

"పొద్దున్నుంచీ నోళ్లు తెరుచుకున్నవాళ్లనే చూస్తాను. పాపం వాళ్లు మాట్లాడలేరు. ఇంటికొస్తే మాట్లాడగలిగిన మనిషి నోరు తెరవడు. నా ఖర్మ."

ఆమె పళ్ల డాక్టరు. అతను ఇక్కడికి రాకముందు సొంత ఊళ్లో ఎఫ్ఎం స్టేషన్‌లో పొద్దుటి కార్యక్రమం నడిపేవాడు. ఆ గొంతు విని పాలు పొంగించుకున్న ఇల్లాళ్లు చాలామందే ఉన్నారు. పెళ్లిచూపుల రోజు అతను మాటల్లో పడితే అందరి కాఫీలూ చల్లారిపోయాయి. ఆమె తమ్ముడు ఆ పూటే బావకి 'రేడియో' అని పేరు పెట్టేశాడు. ఆమెకి ఈ దేశంలో ఉద్యోగం వచ్చినప్పుడు అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీ కుర్చీ, నీ మిషన్లు అన్నీ అక్కడే ఉన్నాయి. నా సామాను గొంతొక్కటే కదా, జేబులో పెట్టుకుని వచ్చేస్తా," అన్నాడు.

వచ్చిన కొత్తలో అలాగే ఉన్నాడు. ఆమె ఈ భాష ముందే నేర్చుకుంది. అతను వీధిలో బోర్డులు చదువుతూ, తప్పులు మాట్లాడుతూ, ఆమెను నవ్విస్తూ తిరిగాడు. ఆ తర్వాత ఒక రోజు కిరాణా కొట్లో గుడ్లు అడగబోయి, ఎక్కడో ఒక దీర్ఘం ఎక్కువ తీశాడు. ఆ దీర్ఘంతో ఆ మాటకి ఈ భాషలో అత్తగారని అర్థం.

"మీ దగ్గర తాజా అత్తగార్లు ఉన్నారా?" అని అంత చక్కటి గొంతుతో అడిగేసరికి కొట్టంతా గొల్లున నవ్వింది. ఆమె కూడా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. అతనూ నవ్వాడు. అంతే, ఆ రోజునుంచీ రేడియో మూగబోయింది.

ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ఆ సంగతి పట్టేసింది.

"అల్లుడుగారు కనబడుతున్నారు గానీ వినబడటం లేదేంటే?"

"జలుబమ్మా."

"కిందటి వారం కూడా జలుబే అన్నావు."

వెనకనుంచి తమ్ముడు తల దూర్చాడు. "అక్కా, రేడియోకి అక్కడ సిగ్నల్ అందట్లేదేమో. తిరిగి తెచ్చేయ్."

వాడు సరదాకే అన్నాడు. ఆ మాట మాత్రం ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. తన కుర్చీ కోసం, తన మిషన్ల కోసం ఒక మనిషి గొంతు తీసుకొచ్చి నీళ్లలో పారేసినట్టు అనిపించింది. ఈ మధ్య ఆమె మధ్యాహ్నం ఫోన్ చేస్తే అతను ఎత్తడం కూడా లేదు. ఎక్కడికి వెళ్లారంటే, "ఊరికే, నడవడానికి," అంటున్నాడు.

మర్నాడు ఆమె క్లినిక్‌లో పెద్ద డాక్టరు గది తలుపు కొట్టి, మానేస్తానని చెప్పింది. పెద్దావిడ కళ్లద్దాలు తుడుచుకుంటూ అంతా విన్నది.

"ఉద్యోగం మానేసి వెళ్లిపోతామంటావు. సరే. వెళ్లిపోదామని అతను అన్నాడా?"

"అనలేదు. ఏమీ అనడం లేదు, అదే కదా బాధ."

"నువ్వు అడిగావా?"

"లేదండీ."

"అయితే నేనింకా ఏమీ వినలేదనుకో. ఇవాళ్టికి ఇంటికి వెళ్లు. వెళ్లి అడుగు."

బయట సన్నగా వాన. జల్లెడ పట్టినట్టు కురుస్తోంది. వీధి దీపాలు పగలే వెలిగి, తడి రోడ్డు మీద పచ్చగా కరిగిపోతున్నాయి. ముందుగా వచ్చిన బస్సు వెనక తలుపులోంచి ఎక్కి, జనం మధ్య కడ్డీ పట్టుకుని నిలబడింది. అద్దాల మీద ఆవిరి కమ్మి ఊరంతా పాలలో ముంచినట్టు కనబడుతోంది.

అప్పుడు పైనున్న స్పీకర్‌లోంచి ఒక గొంతు తర్వాతి స్టాపు పేరు చెప్పింది.

రోజూ వినిపించే రికార్డు గొంతు కాదది. ఈ భాషే, ఈ ఊరి యాసే. కానీ ఆ స్టాపు ఏదో పండగ వీధి అయినట్టు, అక్కడ దిగినవాళ్లకి మంచి జరగబోతున్నట్టు పలికింది. ఆ గొంతు ఆమెకి తెలుసు. చెవికంటే ముందు ఒంటికి తెలిసింది.

వేళ్లమీద లేచి చూసింది. ముందు, డ్రైవరమ్మ పక్కన, చేతిలో మైకు పట్టుకుని అతను.

"ఎవరండీ ఆయన?" పక్కన కూర్చున్న ముసలావిడని అడిగింది, తెలియనట్టే.

"మా మధ్యాహ్నం కుర్రాడు. రోజూ ఎక్కి, మిషన్ స్టాపుల పేర్లు చెబుతుంటే వెనకాలే గొణుక్కునేవాడు. తప్పు పలికితే మేం దిద్దేవాళ్లం. ఇవాళ మిషన్ పాడైంది, డ్రైవరు పిలిచి మైకు ఇచ్చేసింది. భార్యకి చెప్పకుండా నేర్చుకుంటున్నాడట."

ఆమె దిగాల్సిన స్టాపు వచ్చింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఆమె దిగలేదు. ఒక్కో పేరూ ఆ గొంతులో తడిసి వస్తుంటే, ఇన్నాళ్లూ పరాయిగా ఉన్న వీధులన్నీ ఎవరో చుట్టాలను పరిచయం చేస్తున్నట్టుగా ఒక్కొక్కటే దగ్గరికి వచ్చాయి.

ఆఖరి స్టాపులో దాదాపు అందరూ దిగాక అతను వెనక్కి తిరిగాడు. చూశాడు. చేతిలో మైకు కిందికి వాలిపోయింది.

"ఇదా నీ నడక?" అంది ఆమె. "ఊరంతటితో మాట్లాడతావు, నాతో మాట్లాడవా నువ్వు?"

పెళ్లయ్యాక ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. ఇద్దరూ గమనించారు.

ఇద్దరూ దిగి స్టాపు షెల్టర్ కింద నిలబడ్డారు. రేకు మీద వాన చప్పుడు.

"కొట్లో నేను నవ్వినందుకేనా?"

"కాదు. నువ్వు నవ్వితే నాకు బావుంది. కానీ పొద్దున నువ్వు వెళ్లాక సాయంత్రం దాకా నా గొంతు నేనే వినను. నువ్వొచ్చే వేళకి తీసి చూస్తే అది నాది కానట్టు ఉండేది. బాగుచేసుకున్నాకే నీ ముందు పెడదామనుకున్నా."

"విరిగినా సరే, ముందు నా దగ్గరికి తేవాలి. నేను బాగుచేసే మనిషినే కదా."

"నువ్వు పళ్లు చూస్తావు."

"పళ్లుండేది కూడా నోట్లోనే."

అతను నవ్వాడు. ఈసారి శబ్దం వచ్చింది.

"నేను మానేస్తానని చెప్పొచ్చాను," అంది ఆమె మెల్లగా. "నీకోసం. పెద్దావిడ ఒప్పుకోలేదు, నిన్ను అడగమంది."

అతను తడిసిన ఆమె జుట్టు చెవి వెనక్కి సర్దాడు. ఏదో చెప్పబోతుండగా డ్రైవరమ్మ హారన్ కొట్టింది. బస్సు తిరిగి బయల్దేరుతోంది.

కొత్తగా ఎక్కుతున్న జనం వెనకే ఇద్దరూ ఎక్కారు. దిగకుండా అలాగే కూర్చుని ఉన్న ముసలావిడ పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చింది. అతను మైకు అందుకుని మొదటి స్టాపు పేరు చెప్పాడు. ఒక్క క్షణం ఆగి, తెలుగులోకి దిగాడు.

"ఈ బస్సులో ఒక పళ్ల డాక్టరుగారు ప్రయాణం చేస్తున్నారు. మానేస్తాననే మాట ఆవిడ మళ్లీ ఎత్తకూడదని మనవి. ఆవిడ ఎక్కడ దిగితే అదే మా ఊరు. అందరి ముందూ చెబుతున్నాను, ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో. నాకు ఆవిడంటే చాలా ఇష్టం."

"ఏమన్నాడమ్మా?" ముసలావిడ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"వానకి మెట్లు తడిగా ఉన్నాయట. జాగ్రత్తగా దిగమన్నారు."

ముసలావిడ ఆమె బుగ్గల్ని తీరిగ్గా పరిశీలించింది. "మా ఆయన కూడా పెళ్లయిన కొత్తలో మెట్ల గురించి ఇలాగే మాట్లాడేవాడు," అంది.

ఆమె పక్కున నవ్వింది. ఆ నవ్వు విని అతను డ్రైవరు ముందున్న అద్దంలోకి చూశాడు. చూస్తూ చూస్తూ తర్వాతి స్టాపు పేరు తప్పు చెప్పాడు. బస్సంతా ఒక్క గొంతుతో సరిదిద్దింది. అతను మైకు పట్టుకునే పకపకా నవ్వేసి, తప్పు ఒప్పుకుని, ఆ పేరు మళ్లీ మొదటినుంచి చెప్పాడు.