జుజ్జవరపు వారి వరస

“స్టెల్లా, నువ్వు నాకు చెల్లెలవుతావట.”

స్టెల్లా చేతిలోని పునుగు జారి అల్లం చట్నీలో పడింది. బెజవాడ కోర్టు వెనక ఉన్న ఆ బండి దగ్గర ప్రేమికులు ఎన్నో మాటలు చెప్పుకుని ఉంటారు. ఇలాంటి మాట మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.

“ఎవరన్నారు?” అంది, పునుగును వేలితో పైకి తీస్తూ.

“మా తాతయ్య.”

“ఎప్పట్నుంచి?”

“ఆదివారం నుంచి.”

“శనివారం దాకా ఏమయ్యేదాన్ని?”

లక్ష్మీకాంత్ తన ప్లేటులో పునుగుని రెండుగా తుంచాడు. శనివారం దాకా ఆమె అతనికి ఏమయ్యేదో ఆటోనగర్‌లో సగం మందికి తెలుసు. అక్కడ అతనికి లారీ స్పేర్ పార్టుల షాపుంది. కిందటి వానాకాలంలో ఒక యాక్సిడెంట్ కేసులో లారీని చూసి రిపోర్టివ్వమని కోర్టు జూనియర్ లాయరైన స్టెల్లాని పంపింది. ఆ లారీ అతని షాపు ముందే ఆరుబయట ఉంది. వాన దంచుతోంది.

“మేడమ్, లోపలికి రండి, తడుస్తున్నారు” అన్నాడు అతను.

“నేను తడిస్తే ఆరతాను. ఈలోగా మీరు బ్రేకు డ్రమ్ము మార్చేస్తే నేనేం చెయ్యను?” అంది ఆమె.

అతనికి ఒళ్ళు మండింది. గొడుగు తెచ్చి, ఆమె రాసుకున్నంతసేపూ ఆమె మీద పట్టుకుని నిలబడ్డాడు, కోపంగానే. రిపోర్టు కింద సంతకం చూసి, “మీరూ జుజ్జవరపు వారేనా?” అన్నాడు. అక్కడ మొదలైంది.

ఇంటిపేరు ఒకటే కావడం వాళ్ళకి నవ్వులాట. పెళ్ళయ్యాక ఆధార్ కార్డు మార్చుకునే తిప్పలు లేవనుకునేవారు. అదేమైనా పెద్ద వింతా? ఊరి పేరు ఇంటిపేరైనవాళ్ళు డెల్టాలో అన్ని కులాల్లోనూ ఉన్నారు, అన్ని మతాల్లోనూ ఉన్నారు.

“ఇది ఉత్త ఇంటిపేరు సంగతి కాదట” అన్నాడు లక్ష్మీకాంత్. “మీ మూలపురుషుడు శౌరయ్య, మా తాతయ్య వాళ్ళ తాత రామయ్య అన్నదమ్ములట. వందేళ్ళ కింద శౌరయ్య క్రైస్తవంలో కలిసి, పొలం కోసం బందరు కోర్టులో దావా నడిపి, ఊరొదిలేసి పోయాడట. రక్తం ఒకటే కాబట్టి మనం అన్నాచెల్లెళ్ళమట.”

ఐదు తరాలు గడిచాయి. అయినా అన్నాచెల్లెళ్ళే. సొంత మేనమామని చేసుకుంటే పందిట్లో అందరూ మురిసిపోతారు గానీ, ముత్తాత తండ్రుల దగ్గర కలిసినవాళ్ళు చేసుకుంటే మాత్రం కొంప మునిగిపోతుంది. మన వరసల లెక్క ఇలాంటిది, దాన్ని పట్టుకుని ప్రశ్న అడిగితే పెద్దవాళ్ళకి కోపం.

“చర్చి అడ్డమని చెప్పడానికి మొహమాటపడి నన్ను చెల్లెల్ని చేశారు మీ తాతయ్యగారు” అంది స్టెల్లా. “నువ్వేమన్నావ్?”

“పాత కాగితాలు తీయిద్దామన్నాను. అన్నదమ్ములు కాదని తేలితే చేసుకుంటామన్నాను.”

“అవునని తేలితే?”

“మానేస్తానని... తాతయ్య శాంతించాలి కదా.”

స్టెల్లా ప్లేటు బండి మీద పెట్టేసింది. “పెళ్ళి ఇద్దరిది. మానేస్తానని నువ్వొక్కడివే ఒప్పుకొచ్చావు. నా తరఫున నీకు వకాల్తా ఎవరిచ్చారు?”

“స్టెల్లా, వెతుకుదాం...”

“వెతుకుతాను. నీ కోసం కాదు. మావాళ్ళని ఆ ఇంట్లోంచి ఎందుకు గెంటారో నాకు తెలియాలి. నువ్వు మాత్రం నాతో మాట్లాడకు.”

గుణదలలో స్టెల్లా నాయనమ్మ శౌరమ్మ కూడా పెద్దగా ఏమీ చెప్పలేకపోయింది. “శౌరయ్యగారు మా అత్తింటి పెద్దాయనే. కోర్టుకి తిరిగారని విన్నాను. గెలిచారో ఓడారో తెలీదు. ‘ఆ ఇంటి గడప తొక్కొద్దు’ అని మాత్రం మా అత్తగారు చచ్చేదాకా చెప్పేది. ఏం, నువ్వు తొక్కబోతున్నావా?”

“చూద్దాం నాయనమ్మా.”

“తొక్కితే గట్టిగా తొక్కు” అంది శౌరమ్మ, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

బందరు కోర్టు రికార్డు గదికి స్టెల్లా అనుమతి తీసుకుని వెళ్ళేసరికి లక్ష్మీకాంత్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు, ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని.

“మాట్లాడొద్దన్నాను” అంది.

“మాట్లాడలేదే.”

“ఆ పైకట్ట అందుకో.”

అతను అందుకున్నాడు. దుమ్ము ఇద్దరి నెత్తినా సమానంగా పడింది. ఆమె తుమ్మితే అతను నీళ్ళ సీసా తోసేవాడు, చూడకుండా. ఆమె తాగేది, చూడకుండానే. మధ్యాహ్నం అతను తెచ్చిన పులిహోర పొట్లం బల్ల మీద ఇద్దరికీ మధ్యలో పెట్టేవాడు. సగం దాకా తిని ఆమె అతని వైపు జరిపేది. ఇంత మర్యాదగా పోట్లాడుకునేవాళ్ళని ఆ గది ఎన్నడూ చూసి ఉండదు.

దావాల పట్టీల్లో జుజ్జవరపు శౌరయ్య లేడు. జుజ్జవరపు వాళ్ళు వేసిన దావాలన్నీ చూశారు. కాలవ నీళ్ళ తగువు ఉంది, గేదె తగువు ఉంది. వాళ్ళు వెతికే ఆయన మాత్రం లేడు.

ఇక దావా వదిలేసి పొలం పట్టుకుందామంది స్టెల్లా. పామర్రు వెళ్ళి, తెల్లదొరల నాటి భూమి రిజిస్టరు నకలు తీయించారు. తాతయ్య హనుమయ్య ఇప్పటికీ సాగుచేస్తున్న పెద్ద పొలం చెక్క నంబరు పక్కనే రెండు పేర్లు కలిపి రాసి ఉన్నాయి. ఒకటి జుజ్జవరపు రామయ్య. రెండోది మానికొండ రత్తయ్య.

“అన్నదమ్ముల పొలంలో ఈ మానికొండ ఆసామీ ఎవరు?” అంది స్టెల్లా. మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయింది.

సమాధానం ఆ ఊరి చర్చిలో దొరికింది. పాత జ్ఞానస్నానాల పుస్తకంలో ఫాదర్ చూపించిన పంక్తి ఇది: మానికొండ రత్తయ్య, శౌరయ్య అను పేరిట జ్ఞానస్నానము పొందెను.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఇంటిపేరు పట్టుకునే వెతికారు. తెలుగువాడు ఇంకెలా వెతుకుతాడు? అసలాయనకి ఆ ఇంటిపేరే లేదు.

మళ్ళీ బందరు. ఈసారి మానికొండ రత్తయ్య పేరు మీద కట్ట దొరికింది. తీర్పు ఇంగ్లీషులో ఉంది. స్టెల్లా చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

“ఏమైంది?”

“శౌరయ్య మీ రామయ్యకి తమ్ముడు కాదు, బావమరిది. రామయ్య చెల్లెలు తిరపతమ్మని చేసుకుని ఇల్లరికం వచ్చాడు. ఇల్లరికపు అల్లుడికి కొడుకుతో సమానంగా వాటా ఇవ్వడం ఇక్కడి ఆచారమంటూ జడ్జి పొలం ఇప్పించాడు. పిల్లల్ని ఊరంతా ఆ ఇంటివాళ్ళుగానే పిలిచేది కాబట్టి బడిలో కూడా జుజ్జవరపు అనే రాశారు.”

లక్ష్మీకాంత్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు. “అంటే మీరు ఆడపడుచు సంతానం. నువ్వు నాకు మరదలివి. స్టెల్లా, వరసైన మరదలివి.”

“సంతోషంగా ఉందా?”

“ఉండదా మరి?”

“ఇందులో అన్నదమ్ములని రాసి ఉంటే?”

అతను వెంటనే జవాబు చెప్పి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. చెప్పలేదు. ఆలోచించాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది, ఆలోచించకూడని చోట ఆలోచిస్తారు.

స్టెల్లా తన నకళ్ళు సంచీలో పెట్టుకుంది. “నాకు బావ వద్దు కాంత్. నన్ను చేసుకునేవాడు కావాలి. అది ఏ గదిలోనూ దొరకదు” అని బస్సెక్కి వెళ్ళిపోయింది. బస్సు పామర్రు దాటేదాకా కిటికీ వైపు మొహం పెట్టి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని మిగతా కాగితాలు చదివింది. గుణదలలో దిగేటప్పుడు ఆమె మొహంలో ఏడుపు లేదు, మొండితనం ఉంది.

ఆ శనివారం అతను ఫోను చేశాడు. “రేపు మా ఊరు రా. నాయనమ్మగారినీ తీసుకురా. నీకు నచ్చకపోతే ఇంకెప్పుడూ మొహం చూపించను.”

హనుమయ్య వసారాలో పడక్కుర్చీలో కూర్చున్నాడు. గుమ్మం దగ్గర ఆయన భార్య రావమ్మ నిలబడింది. శౌరమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని, మెట్టు మీద చెప్పులు విడిచి, గడప గట్టిగానే తొక్కింది.

“ఏరా, తేలిందా?” అన్నాడు హనుమయ్య మనవడితో.

“తేలింది తాతయ్యా.” లక్ష్మీకాంత్ కాగితాల కట్టని గుండెకి అదిమి పట్టుకున్నాడు. “కానీ ఇప్పుడే ఇవ్వను. ముందు నా మాట వినండి. అన్నదమ్ములని తేలితే మానేస్తానన్నాను. అది తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇందులో ఏముందన్నది అనవసరం. స్టెల్లా ఇంకా ఒప్పుకుంటే రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇస్తాం.”

“అంటే అన్నదమ్ములనే తేలిందన్నమాట.”

“అది చెప్పను. చూడకుండా చెప్పండి, ఔనా కాదా?”

“కాదు” అన్నాడు హనుమయ్య, కుర్చీ చేతిని చరుస్తూ.

“సరే. పెళ్ళికి రాకపోయినా మీకు క్యారేజీ పంపిస్తాం.”

రావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. స్టెల్లా అతని వైపు చూసింది. తాత ముందు నోరెత్తడం అతనికిదే మొదటిసారని ఆమెకి తెలుసు. బందరులో పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకి.

“తాతయ్యగారూ, నేనొకటి చదువుతానండీ. వరస కోసం కాదు. ఇది ఈ ఇంట్లో ఒకసారైనా వినపడాలి” అంటూ తన సంచీలోంచి ఒక కాగితం తీసింది. “ఈ ఇంటికి ఇల్లరికం వచ్చిన శౌరయ్యగారి భార్య, మీ తాతగారి చెల్లెలు తిరపతమ్మగారు కోర్టులో చెప్పిన సాక్ష్యం.”

“మా తాతకి చెల్లెలెవరు?” అన్నాడు హనుమయ్య.

స్టెల్లా చదివింది.

“నా అన్న రామయ్య నన్ను పిలిపించి, నీ మగణ్ణి వదిలి మా ఇంటికి రమ్ము, పొలము నీ పేరనే వ్రాయింతునని చెప్పెను. నేను రాననితిని. నా మగడు దేవుని మార్చుకొనెను గాని నన్ను మార్చుకొనలేదు. ఆ చేను దున్నినది ఆయన, నాటినది నేను. ప్రతివాది వకీలు అడుగగా: నేనును మతము మారితినో లేదో అది మా ఇద్దరి సంగతి. కోర్టువారు అడుగవలసినది పొలము సంగతి.”

కింద ఆమె వేలిముద్ర నకలు నల్లగా ఉంది.

హనుమయ్య కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇంతమంది చచ్చిపోయారు, దినాలు పెట్టాం, పేర్లు తలుచుకున్నాం” అన్నాడు. “ఈ పేరు ఎవరూ అనలేదమ్మాయ్. తమ్ముడు వెళ్ళిపోయాడన్నారు గానీ ఆడపిల్లని పంపేశామని ఎవరూ చెప్పలేదు.”

“చెప్పుకోడానికి సిగ్గేసి ఉంటుంది” అంది రావమ్మ. మొగుడి మాటకి ఎదురు మాట్లాడటం ఆవిడకీ కొత్తే. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి శౌరమ్మ చేతికిచ్చింది. “కాళ్ళు కడుక్కుని లోపలికి రండి వదినగారూ. ఆడపడుచు ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడకూడదు.”

హనుమయ్య మెల్లగా తేరుకున్నాడు. ఆయన కళ్ళల్లో లెక్క కదిలింది. “అయితే మీరు ఇల్లరికపాయన సంతానం. మావాడికి ఈ అమ్మాయి మరదలు వరస. ఈ ముక్క ముందే ఏడవచ్చు కదరా. వరస కుదిరింది, ఇంక అడ్డేముంది? చేసేద్దాం.”

ఇంకొకరైతే కాళ్ళకి దణ్ణం పెట్టేసేవారు. స్టెల్లా పెట్టలేదు.

“వరస కుదిరినందుకు వద్దండీ.”

“ఏంటీ?”

“కిందటి నెల నేను చెల్లెల్ని. ఇవాళ మరదల్ని. రేపు ఇంకో కట్టలో ఇంకోటి దొరికితే అత్తనవుతానేమో. నేను మాత్రం అప్పుడూ స్టెల్లానే, ఇప్పుడూ స్టెల్లానే. వరస చూసి చేసుకునేట్టయితే ఈ పెళ్ళి నాకొద్దు.”

“మరి దేనికి చెయ్యమంటావ్?”

“మేమిద్దరం కావాలనుకుంటున్నందుకు.”

హనుమయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. ఎదురు చెప్పినవాళ్ళని ఇష్టపడే అలవాటు ఆయనకి లేదు. ఎదురు చెప్పి ఎదురుగానే నిలబడేవాళ్ళు ఇన్నాళ్ళూ తగల్లేదు కాబట్టి అలాంటివాళ్ళు తనకి నచ్చుతారని ఆయనకే తెలియదు. మీసం కింద పెదవి కాస్త కదిలింది.

“కావాలనుకుంటే అడగాలి. అడుగు మరి.”

స్టెల్లా లక్ష్మీకాంత్ పక్కకి వెళ్ళి నిలబడింది. అందరి ముందూ అతని చెయ్యి పట్టుకుంది.

“మీ మనవణ్ణి నాకిచ్చి పెళ్ళి చెయ్యండి తాతయ్యగారూ.”

రావమ్మ ఈసారి నవ్వు ఆపుకోలేదు. లక్ష్మీకాంత్ చెవులు ఎర్రబడ్డాయి.

“ఇచ్చాను” అన్నాడు హనుమయ్య. “కాగితాలు నాకక్కర్లేదు, తీసుకుపోండి. ఆవిడ సాక్ష్యం మాత్రం ఇక్కడుంచు, మళ్ళీ చదువుకుంటాను. ఒక్కటే మాట. ఇల్లరికం మాత్రం అడక్కు. అది తప్ప ఏదైనా అడుగు.”

“ఆమె అడగలేదు తాతయ్యా” అన్నాడు లక్ష్మీకాంత్. “నేనే అడిగాను, నిన్న ఫోనులో, నాయనమ్మగారిని.”

హనుమయ్య నోరు తెరిచి శౌరమ్మ వైపు తిరిగాడు.

“పైన గది ఖాళీగానే ఉందండీ అన్నయ్యగారూ” అంది శౌరమ్మ, తాపీగా కాళ్ళు కడుక్కుంటూ.